పంపుహౌసు గుమ్మం మీద ఎర్రలైటు

చీకటి పడ్డాక ఆ పంపుహౌసు పక్కనుంచి ఎవరూ నడవరు. నడవాల్సి వస్తే రోడ్డు దాటి అవతలి వైపు నుంచి పోతారు. పోతూ పోతూ అటు చూడరు.

వీధి చివర ఒంటిగది అది. ఒక ఇనుప తలుపు, పైన పగిలిన వెంటిలేటరు. లోపల అడుగుపెడితే నాలుగు బారల దూరంలో మెట్లు... మెట్ల కింద సంపు. ఒకప్పుడు వీధి మొత్తానికీ నీళ్ళు అక్కణ్ణుంచే వచ్చేవి. కొత్త ట్యాంకు కట్టాక దాన్ని వదిలేశారు. మోటారు పట్టుకుపోయారు, పైపులు కోసుకుపోయారు. సంపులో నీళ్ళు మాత్రం పోలేదు. ఎండలు మండిపోతున్న రోజుల్లో కూడా నల్లగా, నిండుగా, కదలకుండా ఉంటాయి.

అందులో ఒక మనిషి పోయాడు.

పంపు ఆపరేటరు. రాత్రి డ్యూటీలో ఉండగా వాల్వు ఊడిపోయింది, నీళ్ళు పైకి తన్నుకొచ్చాయి. బయటికి పరిగెత్తబోతే తలుపు తాళం బిగుసుకుపోయింది. చేతిలో ఉన్న రెంచితో పైపుని కొట్టాడు — టంగ్... టంగ్... టంగ్... అని. వీధి వీధంతా లేచొచ్చింది. తలుపు తెరిచే సరికి చప్పుడు ఆగిపోయింది.

ఆ చప్పుడు ఇప్పటికీ వినబడుతుందంటారు. సరే, అనేవాళ్ళు ఎన్నయినా అంటారు. కానీ ఈమధ్య ఇంకో సంగతి మొదలైంది. రాత్రి వేసిన తాళం పొద్దున్నే తెరిచి ఉంటోంది. విరగ్గొట్టినట్టు కాదు — శుభ్రంగా, తాళంచెవి పెట్టి తీసినట్టు.

ఆ తాళం ఎవరు తీస్తున్నారో వీధిలో ఒక్క మనిషికే తెలుసు. మొదట్లో ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆమె రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేస్తుంది. పొయ్యి దగ్గర పని. పిండి ముద్దల ట్రేలు లోపలికి తొయ్యడం, కాలిన రొట్టెలు బయటికి లాగడం. అందరూ పొయ్యక్క అంటారు. పొయ్యక్కకి ఇంట్లో ఉన్నది ఒక్క తండ్రి. ఆయన బతుకంతా తాళాలు బాగుచేసిన మనిషి. ఎలాంటి మొండి తాళమైనా ఆయన చెవి దగ్గర పెట్టుకుని వేలితో రెండుసార్లు తడితే మెత్తబడిపోయేది.

ఇప్పుడు ఆయనకి మతిమరుపు. అన్నం తిన్నాడో లేదో తెలీదు. కూతురు ఎదురుగా నిలబడితే "ఎవరమ్మా నువ్వు, ఎవరింటికొచ్చావు?" అంటాడు. కన్నకూతుర్ని మర్చిపోయాడు గానీ, తాళం గుట్టు మాత్రం మర్చిపోలేదు. ఆ వేళ్ళకి ఇంకా అన్నీ గుర్తే.

మొదటిసారి ఆమె షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి తలుపు తెరిచి ఉంది. తండ్రి మంచం మీద కూర్చుని ఉన్నాడు. పాదాలు తడిగా ఉన్నాయి. తడి అంటే ఊరికే తడి కాదు... నాచు వాసన.

మర్నాడు బయట గొళ్ళేనికి తాళం వేసి వెళ్ళింది. కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి తీశాడు. ఇంకో తాళం తెచ్చింది. అదీ తీశాడు. అంకెలు తిప్పే తాళం తెస్తే, దాన్ని తీసి, నూనె వేసి, గూట్లో పెట్టి మరీ వెళ్ళాడు. ఇంకెవరి తండ్రో అయ్యుంటే ఆమెకి నవ్వొచ్చేదే.

ఒక రాత్రి తనతోపాటు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది. ఆమె అటు తిరిగి ఇటు తిరిగేలోపు ఆయన సూపర్వైజరు గది తాళం తీసి, కుర్చీలో కూర్చుని నిద్రపోయాడు. "ఇంకోసారి ఈయన్ని తెస్తే నువ్వు కూడా రానక్కర్లేదు," అన్నాడు సూపర్వైజరు.

పగటి షిఫ్టు అడిగింది, ఇవ్వలేదు. ఆ పంపుహౌసు గుమ్మానికి గోడ కట్టించండి బాబూ అని నీళ్ళ ఆఫీసుకి వెళ్ళి మొత్తుకుంది. చూస్తామన్నారు. తమ్ముడికి ఫోను చేస్తే, "ఎక్కడైనా చేర్పించెయ్యక్కా, నీకూ ఒక బతుకుండాలి కదా," అన్నాడు. అని, తను పనిలో ఉన్నానని పెట్టేశాడు.

ఎదురింటి పిన్నిని బతిమాలింది, రాత్రిపూట కాస్త కనిపెట్టి ఉండమని. పిన్ని మంచి మనిషే. పొద్దు పోయేదాకా వచ్చి కూర్చుంటుంది. కానీ ఆ గది పేరెత్తితేనే చేతులు చల్లబడిపోతాయి.

"మీ నాన్న అటెందుకు పోతాడో నీకు తెలీదూ?" అంది పిన్ని, గొంతు తగ్గించి. "అప్పుడు నువ్వు చంటిపిల్లవి. ఆపరేటరు లోపల ఇరుక్కుపోయినప్పుడు తాళం తియ్యడానికి పిలుచుకొచ్చింది మీ నాన్ననే. మంచంలోంచి లేపి, చొక్కా కూడా తొడుక్కోనివ్వకుండా లాక్కొచ్చారు. వచ్చీ రాగానే తీశాడమ్మా, ఆలస్యం చెయ్యలేదు... కానీ అప్పటికే..."



ఆ రాత్రి షిఫ్టుకి వెళ్ళే ముందు పొయ్యక్క తండ్రి పక్కన కూర్చుని అడిగింది. "నాన్నా, ఎక్కడికెళ్తున్నావు రోజూ?"

ఆయన ఆమె వైపు జాలిగా చూశాడు. "లోపల మనిషున్నాడమ్మా... పిలుస్తున్నాడు. తలుపు తియ్యాలి."

ఇక అక్కణ్ణుంచి ఆమెకి కంటిమీద కునుకు లేదు. పొయ్యి ముందు నిలబడి ఉంటుంది, ఒళ్ళంతా చెమటలు కారుతుంటాయి, కళ్ళముందు మాత్రం నల్లటి నీళ్ళు. ఆయన ఇప్పుడు మంచం మీదున్నాడా? మెట్ల మీదున్నాడా? కనీసం తెలిస్తే చాలు. కదలగానే తెలిస్తే... ఫ్యాక్టరీ రెండు వీధుల అవతలే. పరిగెత్తుకు రావచ్చు.

అలా పుట్టింది కెమెరాల ఆలోచన.

బజార్లో ఒక షాపుకి వెళ్ళింది. ఆమెకి ఆ సరుకు గురించి అ ఆలు తెలీవు. షాపాయన ఒక డబ్బా తెచ్చి బల్లమీద పెట్టాడు. లోపల రెండు కెమెరాలు, నల్లటి అద్దాలతో, చూడ్డానికి బరువుగా, గంభీరంగా ఉన్నాయి.

"రాత్రిపూట పనిచేస్తాయా అండీ?"

"రాత్రీ పగలూ వెలుగుతూనే ఉంటాయి. ఈ ఎర్రలైటు చూశారా? దొంగ అన్నవాడు గుమ్మం తొక్కడు."

"మరి ఫోన్లో..."

"అన్నీ ఆ కాగితంలో ఉంటాయమ్మా," అని ఇంకో బేరం వైపు తిరిగిపోయాడు.

ఒక కెమెరా తన ఇంటి గుమ్మం మీద బిగించింది. రెండోది పట్టపగలు, నలుగురూ తిరుగుతున్న వేళ చూసుకుని, పిన్ని నిచ్చెన పట్టుకుంటే, పంపుహౌసు గుమ్మం మీద. రెండింట్లోనూ ఎర్రలైటు టుక్కు టుక్కుమని వెలిగింది. ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆ సంబరం ఎంతోసేపు లేదు. ఫోన్లో ఏమీ రాలేదు. కాగితంలో ఉన్నదంతా తనకి రాని భాషలో ఉంది. బొమ్మలు చూసి ఏవేవో నొక్కింది. ఫోను అద్దం నల్లగా, తన మొహమే తనకి చూపిస్తూ ఉండిపోయింది.

షాపుకి పరిగెత్తింది. "మీ ఫోను పాతదమ్మా," అన్నాడాయన. మర్నాడు ఫ్యాక్టరీలో ఒకామె దగ్గర కొత్త ఫోను అడిగి షాపుకి పట్టుకెళ్ళింది. "అయితే మీరు సరిగ్గా బిగించలేదేమో." పోనీ వెనక్కి తీసుకోండంది. "డబ్బా విప్పేశాక ఎలా తీసుకుంటామమ్మా?" అన్నాడు, ఆమె మొహం చూడకుండా.

డబ్బా మీద సాయానికని ఒక నంబరుంది. చేస్తే పాట. పాట తర్వాత ఒక మరమనిషి గొంతు — దయచేసి వేచి ఉండండి. మళ్ళీ పాట. ఆ పాట వింటూ ఆమె వంట చేసింది, బట్టలు ఉతికింది, తండ్రికి తల దువ్వింది. ఎవరూ ఎత్తలేదు.

కెమెరాలు బిగించే ఒకాయన గురించి ఎవరో చెప్తే ఆయనకీ ఫోను చేసింది. గొంతులో తొందర ఉన్నా మనిషి మర్యాదస్తుడు. "ఊపిరాడ్డం లేదమ్మా, చేతినిండా పని. ఈ వారం గడవనివ్వండి, తప్పకుండా వచ్చి చూస్తాను," అన్నాడు.

"వారం అంటే... అప్పటికి మా నాన్న ఉండాలి కదండీ," అంది. అవతల ఆయన అప్పటికే ఫోను పెట్టేశాడు.

ఆ తెల్లారి తండ్రి పంచె మోకాళ్ళదాకా తడిసి ఉంది.

అదే రోజు రాత్రి. ఫ్యాక్టరీలో టీ తాగే వేళ. పొయ్యక్క టీ ముట్టుకోలేదు. వెనక పిండి బస్తాల గదిలోకి వెళ్ళి, బస్తా మీద కూలబడి, మళ్ళీ ఆ నంబరే నొక్కింది. నమ్మకం ఉండి కాదు. ఇంక నొక్కడానికి వేరే నంబరు లేక.

పాట మొదలైంది. దయచేసి వేచి ఉండండి...

ఆమెకి ఏడుపు ఆగలేదు. ఎవరూ వినని ఫోన్లో ఏడ్చింది. "ఎవరైనా ఎత్తండి బాబూ... మీకు పుణ్యముంటుంది... మా నాన్న నీళ్ళలో పడిపోతాడు... ఎవరైనా..."

పాట ఆగిపోయింది.

అవతల ఎక్కడో నీటిచుక్క రాలిన చప్పుడు. తర్వాత ఒక మగగొంతు, లోతులోంచి మాట్లాడుతున్నట్టు — 

"చెప్పమ్మా."

ఆమె గబగబా చెప్పేసింది. కెమెరాలు, నల్లటి ఫోను, తండ్రి, తాళాలు, అన్నీ కలగలిపి. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"నువ్వు కొన్నది పనికొచ్చే సరుకు కాదమ్మా," అన్నాడు చివరికి. "నీ ఫోన్లో రాదు. ఎంత తిప్పలు పడ్డా రాదు."

"అయ్యో... మరి నేనేం చెయ్యనండీ?"

"ఏమీ చెయ్యకు. నాకు కనబడుతోంది."

"మీకా? అక్కణ్ణుంచి?"

"నాకు కనబడుతోంది," అన్నాడు మళ్ళీ. "పెద్దాయన పడుకున్నాడు. నువ్వెళ్ళి నీ పని చూసుకో. ఆయన కదిలితే నేను చెబుతాను."

ఆమె ఫోనుని రెండు చేతులా కళ్ళకద్దుకుంది. కంపెనీల్లో కూడా మనుషులుంటారు అనుకుంది.

ఆ రాత్రి తెల్లారేదాకా రెండు మూడుసార్లు ఫోను మోగింది. "పడుకునే ఉన్నాడమ్మా." అంతే, పెట్టేసేవాడు. మర్నాడు రాత్రి కూడా అంతే. "లేచాడు... గుమ్మం దాకా వచ్చాడు... మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు." లైను మాత్రం ఎప్పుడూ బాగుండేది కాదు. మాట వెనక మాట మారుమోగేది, ఖాళీ గదిలో నిలబడి మాట్లాడుతున్నట్టు. పొయ్యక్క అదేమీ పట్టించుకోలేదు. ఎన్ని రోజులకో ఆమె మనసు పెట్టి ట్రేలు తోసింది.

ఆ తర్వాత రాత్రి — 

పొయ్యి నిండా రొట్టెలున్నాయి. ఫోను మోగింది. ఎత్తేలోపే గొంతు వినబడింది. ఈసారి అందులో తొందర ఉంది.

"తలుపు తీశాడు. రోడ్డు మీదున్నాడు. రా."

"అయ్యో..."

"రా అమ్మా. పరిగెత్తు."

చేతిగుడ్డలు అక్కడే పడేసింది. వెనకనుంచి సూపర్వైజరు అరుపు — "పొయ్యి వదిలి ఎక్కడికి? వెళ్తే మళ్ళీ రాకు!" ఆ మాట చెవిన పడింది గానీ మనసు దాకా పోలేదు. చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలీదు. పరిగెడుతోంది. ఫోను చెవికే ఉంది.

"తాళం తీశాడు... లోపలికొచ్చాడు..."

వీధిలో ఒక్క దీపం లేదు. కుక్క కూడా మొరగలేదు. ఎదురుగా, చీకట్లో, పంపుహౌసు గుమ్మం మీద చిన్న ఎర్రటి చుక్క... టుక్కు... టుక్కు...

తలుపు బార్లా తెరిచి ఉంది.

గుమ్మంలో కాళ్ళు ఆగిపోయాయి. లోపలినుంచి నాచు వాసన మొహానికి కొట్టింది. చిన్నప్పటినుంచీ విన్న కథలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

"భయపడకు," అంది ఫోను. "లైటు వెయ్యకు, ఆయన బెదిరి అడుగు తప్పుతాడు. గట్టిగా పిలవకు. ఎడంచేతి గోడ పట్టుకుని దిగు. కుడివైపు మెట్లు విరిగిపోయాయి."

గోడ పట్టుకుంది. గోడ తడిగా, చల్లగా ఉంది. ఒక్కో మెట్టూ కాలితో తడుముకుంటూ దిగింది. నీళ్ళు పాదాలకి తగిలాయి. పిక్కలకి తగిలాయి. అప్పుడు వినబడింది, కాస్త కింద, తండ్రి గొంతు — 

"తీశానయ్యా... తలుపు తీశాను. బయటికి రావయ్యా... ఎక్కడున్నావు?"

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాయి. ఆయన నడుముదాకా నీళ్ళలో ఉన్నాడు. రెండు చేతులూ ముందుకి చాచి, నీళ్ళలోకి వంగి, వెతుకుతున్నాడు. ఇంకొక్క అడుగు వేస్తే కింద మెట్టు లేదు.

"నాన్నా..." ఇంకో మెట్టు దిగింది. "నాన్నా, రా... ఇంటికి పోదాం."

"నువ్వెవరమ్మా? పక్కకి జరుగు. లోపల మనిషున్నాడు. ఆలస్యమైపోతుంది... ఆలస్యమైపోతుంది..." ఆయన ఏడుస్తున్నాడు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి. కాలు ముందుకి జరిగింది.

ఆమె చెయ్యి చాచింది. అందలేదు.

అప్పుడు ఆమె చేతిలోని ఫోనులోంచి ఆ గొంతు వచ్చింది. నిదానంగా, ఆ నాలుగు గోడలకీ వినబడేలా — 

"వచ్చేశానన్నా."

ముసలాయన ఆగిపోయాడు.

"నువ్వు తీశావుగా. బయటికొచ్చేశాను. ఇంక ఇంటికి పో. చలి."

నీళ్ళు కదలడం ఆగిపోయింది. తండ్రి మెల్లగా తల తిప్పాడు. చీకట్లో కూడా ఆ మొహంలో వెలుగు కనబడిందంటుంది ఆమె. "వచ్చేశాడా?" అన్నాడు కూతురితో. "వచ్చేశాడమ్మా?"

"వచ్చేశాడు నాన్నా," అంది ఆమె ఏడుస్తూ. "నువ్వే తీశావు. పద."

ఆయన తనంతట తాను చెయ్యందించాడు. ఆ చెయ్యి పట్టుకుని, ఎడంచేతి గోడ పట్టుకుని, పైకి తీసుకొచ్చింది. గుమ్మం దాటాక ఫోను చెవికి పెట్టుకుంది, ఆ దేవుడిలాంటి మనిషికి దణ్ణం పెడదామని. ఎంత తెలివిగా అన్నాడు, ఎంత సమయానికి అన్నాడు! కానీ లైను తెగిపోయింది.

ఆ తర్వాత తండ్రి రాత్రిళ్ళు లేవలేదు. మతిమరుపు తగ్గలేదు, తాళాలు కనబడితే వేళ్ళు ఆగవు. కానీ పడుకుంటే తెల్లారేదాకా ఒకటే నిద్ర. బతుకులో ఇప్పుడే నిద్రపోవడం మొదలుపెట్టినట్టు.

సూపర్వైజరు అన్నంత పనీ చేశాడు. కానీ పొయ్యి దగ్గర ఆమెలా నిలబడగలిగినవాళ్ళు దొరక్క, మాడిన రొట్టెలు లెక్కపెట్టుకోలేక, తనే కబురు పెట్టాడు. ఈసారి ఆమె పగటి షిఫ్టయితేనే వస్తానంది. ఇచ్చాడు.

వారం దాటాక కెమెరాలు బిగించే ఆయన మాట ప్రకారం వచ్చాడు, సంచీ భుజాన వేసుకుని. పొయ్యక్క కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, జరిగిందంతా చెప్పింది.

"మీకెందుకు శ్రమ, కంపెనీవాళ్ళే చూసుకున్నారండీ. నా ఫోన్లో కూడా వచ్చేలా చేసి పెట్టండి, చాలు."

ఆయన డబ్బా అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహంలో ఏదో అనుమానం. "రాత్రిపూట చూసి చెప్పారా? ఎవరు? ఈ నంబరువాళ్ళా?"

"వాళ్ళే."

ఆయన తన ఫోనులోంచి ఆ నంబరు కలిపి, ఇద్దరికీ వినబడేలా పెట్టాడు. పాట. పాట తర్వాత అదే మరమనిషి గొంతు. ఆయన ఏదో అంకె నొక్కాడు. మా సేవలు పగటివేళ మాత్రమే, అంది ఆ గొంతు. 

పొయ్యక్క ఏదో అనబోయింది. ఆయన అప్పటికే స్టూలెక్కి ఇంటి గుమ్మం మీది కెమెరా దింపాడు. స్క్రూలు తీసి, మూత లాగి, ఆమె ముందు పెట్టాడు.

లోపల ఏమీ లేదు.

వైరు లేదు. యంత్రం లేదు. అద్దం వెనక ఖాళీ. ఒక మూలన చిన్న బ్యాటరీ, దానికి అతికించిన ఎర్రలైటు.

"ఇది కెమెరానే కాదమ్మా," అన్నాడు నెమ్మదిగా. "దొంగల్ని బెదిరించడానికి గోడకి పెట్టే ఉత్త డొల్ల. ఇందులోంచి చూడ్డం... ఎవరి వల్లా కాదు."

ఆమె ఆ ఖాళీ డొల్లలో వేలు పెట్టి చూసింది. "రెండోది..." అంది.

ఇద్దరూ పంపుహౌసు దాకా నడిచారు. ఎండ మండిపోతోంది. ఆయన నిచ్చెనెక్కి రెండోది దింపాడు. దింపుతుంటేనే బరువుగా ఉందన్నాడు. మూత తీశాడు.

అదీ డొల్లే. కాకపోతే దాన్నిండా నీళ్ళున్నాయి. నల్లటి, చల్లటి, నాచు వాసన కొట్టే నీళ్ళు. ఆయన వేళ్ళ సందుల్లోంచి కారి, కాలే నేల మీద పడ్డాయి. వాన పడి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు.

ఆయన గబుక్కున దాన్ని కింద పెట్టేసి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "పారేద్దామమ్మా దీన్ని," అన్నాడు.

పొయ్యక్క వంగి దాన్ని చేతుల్లోకి తీసుకుంది. కొంగుతో తుడిచింది. మూత పెట్టి, స్క్రూలు తన చేత్తోనే బిగించింది. నిచ్చెనెక్కి, ఆ గుమ్మం మీద ఎక్కడుండేదో అక్కడే మళ్ళీ పెట్టింది.

దిగి, తెరిచి ఉన్న ఆ తలుపు ముందు నిలబడి, చేతులు జోడించింది.

"ఇంక మీరు కూడా పడుకోండన్నా," అంది లోపలికి, మెల్లగా. "నాన్న నిద్రపోతున్నాడు."

తలుపు, గాలన్నది లేని ఆ మిట్టమధ్యాహ్నం, ఎవరో లోపలినుంచి నెమ్మదిగా దగ్గరికి వేసుకున్నట్టు... మూసుకుంది.